కొండమీది సీసా, ఊరిలోని బోర్డు

హైదరాబాదు వెళ్ళివచ్చే మన పల్లె కుటుంబాలకు అమీర్‌పేట, పంజాగుట్ట తెలిసినంతగా బంజారా హిల్స్ తెలియదు. కంప్యూటర్ కోర్సుల కోసం పిల్లలను అమీర్‌పేట పంపుతాము. రోగులను తీసుకొని పంజాగుట్టలోని నిమ్స్‌కు వెళ్తాము. అక్కడినుండి కాస్త ఎత్తుకు పోయే దారిలోనే బంజారా హిల్స్ ఉన్నది. ఎడ్లమీద ఉప్పు, ధాన్యము వేసుకొని దేశమంతా తిరిగిన బంజారాలు, అంటే మన లంబాడీలు, ఈ గుట్టలలో నివసించారు గనుక ఆ పేరు వచ్చింది. నిజాం కాలపు అధికారి నవాబు మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడి బండలను కలుపుకొనే తన ఇల్లు కట్టించుకొన్నారు. 1933లో రవీంద్రనాథ ఠాగూరు హైదరాబాదు వచ్చినప్పుడు ఈ కొండలమీదనే బస చేశారు. నేడు అక్కడ బండలు తక్కువ, పెద్ద హోటళ్ళు, నగల దుకాణాలు ఎక్కువ.

మా సంఘ సభ్యుడొకరు కాలేయము చెడి పంజాగుట్ట దగ్గర ఆసుపత్రిలో ఉండగా, ఆయనను చూచి ప్రార్థన చేయడానికి మేమిద్దరం వెళ్ళాము. ఆయన మేనల్లుడు బంజారా హిల్స్‌లో ఒక హోటలులో స్టీవార్డు. మామయ్య మందుల ఖర్చులో సగము ఆ పిల్లవాడి జీతమే. మధ్యాహ్నము అతిథులు లేని వేళ మమ్మును తీసుకొని వెళ్ళి తాను పనిచేసే హాలు చూపించాడు. ఒక గోడ పొడుగునా సీసాలు పడుకోబెట్టి ఉన్నాయి. బిరడా ఎండిపోకుండా అలా ఉంచుతారట. ఒక ఎర్ర వైను సీసా చేతిలోకి తీసుకొని ఆ పిల్లవాడు మమ్మును అడిగాడు: “అయ్యగారూ, మామయ్య తాగిందీ నేను పోసేదీ ఒకటేనా? నా జీతంలోనుండి కానుక తీసుకోవద్దని మన సంఘములో కొందరు అంటున్నారట.”

తేలికగా జవాబు చెప్పదగిన ప్రశ్న కాదది. ముందుగా ఆ సీసాలో ఏమున్నదో తెలుసుకొందాము.

రెండు పండ్ల కలయిక

ఆ సీసాలోనిది రెండు రకాల నల్లద్రాక్షలు కలిపి చేసిన వైను. కారము కొట్టించేటప్పుడు ఘాటుకు గుంటూరు మిరప, రంగుకు బ్యాడిగి మిరప కలపడం మన ఇళ్ళలో ఉన్నదే గదా! అలాగే కాబర్నే సావిన్యో అనే ద్రాక్షకు తోలు మందము, వగరు ఎక్కువ. షిరాజ్ అనే ద్రాక్ష దానికి నిండుతనము, కాస్త మిరియపు ఘాటు ఇస్తుంది. నల్లద్రాక్షలో కూడా రసము దాదాపు తెల్లగానే ఉంటుంది. తోళ్ళతో కలిపి పులియబెట్టినందుకే ఎరుపు వస్తుంది. సాధారణముగా ఏ రకానికి ఆ రకము విడిగా పులియబెట్టి, రుచి చూచి, పాళ్ళు నిర్ణయించి కలుపుతారు. కొన్నింటిని ఓక్ చెక్క పీపాలలో నెలల తరబడి ఉంచుతారు. ఒక్క సీసాకు ఇంచుమించు కిలో పండు కావాలి.

ఈ పండ్లు ఎక్కడివి? హిందూపురము దాటి బెంగుళూరు దారిలో వెళ్తే దొడ్డబళ్ళాపురము వస్తుంది. అక్కడ నంది కొండల దిగువన కన్వల్ గ్రోవర్ అనే ఆయన 1988లో ఫ్రాన్సు దేశపు ద్రాక్షతీగలు నాటించారు. కాబర్నే, షిరాజ్ కలిపిన ‘లా రిజర్వ్’ అనే వైను ఆ తోటలదే. కొప్పళ జిల్లాలో హంపి కొండల వైపు మరొక చిన్న వైనరీ ఉన్నది. దాని పేరు క్రిష్మ ఎస్టేట్స్. హైదరాబాదులో గ్రాన్యూల్స్ ఇండియా అనే మందుల కంపెనీ నడిపే చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ గారలు తమ ఇద్దరి పేర్లు కలిపి దానికి పెట్టారు. తుంగభద్ర ఆనకట్ట వచ్చిన తరువాత మన కోస్తా రైతులు వలస వెళ్ళి ‘క్యాంపులు’ కట్టుకొన్న గంగావతి ఆ జిల్లాలోనిదే. తోటలున్న కుష్టగి వైపు మాత్రము మెట్టనేల, రాళ్ళనేల.

చలిదేశాలలో ద్రాక్షతీగ శీతాకాలమంతా నిద్రపోతుంది. మన వేడికి నిద్ర లేదు. అందుచేత కోత అయిన తరువాత వేసవిలో ఒకసారి, అక్టోబరు ప్రాంతములో మరొకసారి కత్తిరిస్తారు. ఇన్ని కత్తిరింపులకు పంట మాత్రము ఒక్కటే, అది సాధారణముగా ఫిబ్రవరి, మార్చి నెలలలో చేతికి వస్తుంది. మంచి వైను కోరేవారు కొన్ని గుత్తులను పచ్చిగా ఉండగానే కోసి పారవేసి, మిగిలినవాటికి బలము చేరుస్తారు. యోహాను సువార్త 15వ అధ్యాయము చదివినవారికి ఈ పని కొత్త కాదు.

మన ద్రాక్షతోటలు

హైదరాబాదు చుట్టూ కూడ ద్రాక్షతోటలు ఉండేవి. రాతి స్తంభాలమీద తీగ పందిళ్ళు, వాటికి వ్రేలాడే అనాబ్‌-ఎ-షాహీ గుత్తులు పెద్దవారికి జ్ఞాపకము ఉంటాయి. తేనెరంగు, పెద్ద గింజ, నిండా రసము. అది ప్రధానముగా తినే పండు. నగరము పెరిగేకొద్దీ అలాంటి తోటలెన్నో ఇళ్ళ స్థలాలైపోయాయి.

మన ప్రభురాత్రి భోజనపు గిన్నెలోనిది సాధారణముగా పులియని రసమే. ఎండుద్రాక్షను నానబెట్టి, ఉడికించి, వడకట్టి తయారుచేసే సంఘాలున్నాయి. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు విశ్వాసి ద్రాక్షరసమును వేడిచేసి పులియకుండా నిలువచేసే పద్ధతి కనిపెట్టింది తన సంఘములో ఈ గిన్నె కోసమే.

బోర్డు మీది పేరు

ఇక మన ఊరి సంగతి. రోడ్డు ప్రక్కన ‘వైన్స్’ అని బోర్డు ఉంటుంది. లోపల అడిగితే బ్రాందీ, విస్కీ, బీరు దొరుకుతాయి. ద్రాక్షలతో చేసిన వైను కొనేవారు అరుదు. ద్రాక్షతోట పేరు పెట్టుకొన్న ఆ కొట్టులో ద్రాక్ష లేదు!

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాలు నేర్చుకొంటూ 1992లో సారా మీద తిరుగబడ్డారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధించబడింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చింది, 1997లో సడలిపోయింది. బోర్డులు మరల వెలిశాయి. మా సభ్యుని అరెకరము పొలము ఆ బోర్డు క్రిందనే కరిగిపోయింది.

పరిశుద్ధ గ్రంథములో కానా పెండ్లి ఉన్నది, నోవహు గుడారమూ ఉన్నది. ద్రాక్షారసము అనే ఒకే మాట దీవెనగానూ హెచ్చరికగానూ వస్తుంది. సామెతల గ్రంథము 23వ అధ్యాయము ఆ ఎరుపును చూచి మోసపోవద్దని చెప్తుంది.

ఇప్పుడు ఆ పిల్లవాని ప్రశ్న. పండులో, రైతు శ్రమలో ఆ రెండు సీసాలు ఒకటి కావు. కాని కడుపులోకి వెళ్ళిన తరువాత రెండింటిలోని ఆల్కహాలు ఒక్కటే. 150 మిల్లీలీటర్ల వైను గ్లాసులో ఇంచుమించు 15 గ్రాములు ఉంటుంది. ఊరిలో అమ్మే 180 మిల్లీలీటర్ల క్వార్టరు విస్కీలో ఇంచుమించు 60 గ్రాములు. అంటే నాలుగు గ్లాసుల ఖరీదైన వైను ఒక క్వార్టరుతో సమానము. ఏ కొద్ది మోతాదూ ఆరోగ్యానికి పూర్తిగా క్షేమము కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టము చేసింది. కాలేయానికి సీసా ధర తెలియదు. ఇదే మేము అతనికి చెప్పాము.

కానుక సంగతి కూడ చెప్పాము. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పొగాకు పండించిన విశ్వాసుల కానుకలతో ఎన్ని మందిరాలకు పైకప్పులు పడలేదు? వారినెవరూ ఆపలేదు. కొట్టులో అప్పుచేసి త్రాగినవారు ఆదివారము వేసిన నాణెమునూ మనము త్రిప్పి పంపలేదు. రోగియైన మామయ్యను మోస్తున్న పిల్లవాని జీతమును మాత్రము అపవిత్రమనడం న్యాయము కాదు. అతని కానుకను మా సంఘము తీసుకొంటుంది. ఆ ఉద్యోగములో ఉండాలా, వేరొకటి వెదకాలా అన్నది అతడు తన మనస్సాక్షినే అడగాలి. వంటశాలలోకి మారడానికి అర్జీ పెట్టుకొన్నానని అతడే చెప్పాడు. మేము ఔననలేదు, కాదనలేదు, అతనికొరకు ప్రార్థించాము.

ప్రియ పాఠకులారా, మన పిల్లలు ఇంకా ఎందరో ఇలాంటి కొండలు ఎక్కి కూలి సంపాదిస్తారు. వారిని ప్రశ్నించక ముందు మన వీధిలోని బోర్డును చూద్దాము. సాయంకాలము దాని ముందు నిలబడే మనిషి ఎవరో మీకు తెలుసు. ఈ వారములోనే అతని ఇంటికి ఒకసారి వెళ్ళి, భార్యాపిల్లలు అన్నము తిన్నారో లేదో కనుక్కోండి.