చీటీ పాట

దేశం ఎలా ఉందో తెలుసుకోవడానికి కొందరు సెన్సెక్స్ చూస్తారు, కొందరు బంగారం ధర చూస్తారు. నేను మాత్రం మా ఆవిడ వేసే చీటీలో ఈ నెల పాట ఎంతదాకా వెళ్లిందని అడుగుతాను. కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంటువాళ్లదే ఆ చీటీ. ఇరవై మంది, నెలకు 5,000, మొత్తం లక్ష. కాలం కుదురుగా ఉన్నప్పుడు పాట పెడితే ఎవరూ నోరు విప్పరు. ‘మీరు తీసుకోండి వదినా’, ‘అబ్బే, మాకిప్పుడు అవసరం లేదండీ’ అని మర్యాదలు పోతారు. చివరికి పేర్లు రాసి డబ్బాలో వేసి తీయాల్సి వస్తుంది. కాలం బాగాలేదంటే రెండో నెలకే పాట 30,000 దాకా వెళ్తుంది. అంతకు పాడుకున్నవాళ్ల చేతికొచ్చేది 70,000. వదులుకున్నదాంట్లో నడిపే ఆవిడ కమిషను 5,000 పోను మిగతా 25,000 ఇరవై మందికీ పంచితే తలా 1,250. ఆ నెల అందరూ 3,750 కడితే చాలు. ‘ఈసారి బాగా కలిసొచ్చింది’ అంటుంది మా ఆవిడ. ఆ కలిసిరావడం ఎవరింటి ఇబ్బందిలోంచి వచ్చిందో ఇద్దరికీ తెలుసు. అయినా 3,750 కట్టి ఊరుకుంటాం.

(1982 నాటి చట్టం ప్రకారం అనుమతి, రిజిస్ట్రేషను లేకుండా ఇలాంటి చీటీలు నడపకూడదు. ఆ మాట నేను ఎత్తిన పూట మా ఇంట్లో కాఫీ ఆలస్యమవుతుంది.)

‘అనిశ్చిత ఆర్థిక పరిస్థితులు’ అని పేపర్లు రాసినప్పుడల్లా నాకు కొంచెం నవ్వొస్తుంది. మా తాతలకు నికరమైన ఏడాది ఒక్కటైనా ఉందా? కృష్ణా కాలువ కింద పొలమున్నా కోతల ముందు తుపాను వస్తే అంతే. మెట్ట సేద్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. మగ్గం మీంచి చీర దిగితేనే నేతగాడి ఇంట్లో రాబడి. అందుకే రైతిళ్లలో గింజలు ఇంటికి చేరగానే ముందు విత్తనాలకు తీసి, ఆ తర్వాతే గాదెలో పోసేవాళ్లు. మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో చదివింపుల పద్దు ఉండేది. ఎవరు పదకొండు రూపాయలు చదివించారు, ఎవరు ఇత్తడి బిందె ఇచ్చారు, ఎవరు చీర పెట్టారు, అన్నీ పేరుపేరునా. వాళ్లింట్లో పెళ్లి తలపెట్టినప్పుడు ఆ పుస్తకం బయటికి తీసి, చూసి, ఒక రూపాయి ఎక్కువే చదివించేది. ఒక ఇంటి మీద ఒకేసారి పడే బరువును ఊరంతా తలా కాస్తా పట్టేదన్నమాట. వడ్డీ లేదు, పూచీకత్తు లేదు. ఎగ్గొడితే మాత్రం మూడు తరాలు చెప్పుకునేవాళ్లు.

నెల జీతాలు వచ్చాక ఈ జాగ్రత్త సడలింది. మా తరం ఒకటో తారీకును నమ్ముకుంది. మా పిల్లల తరం రాబోయే 240 ఒకటో తారీకులను నమ్మి సంతకం పెడుతోంది. ఇల్లు కొనుక్కోవద్దని నేననను, అద్దెలు చూస్తూ ఎవరనగలరు? కాకపోతే ఆ సంతకం కింద ఏముందో 2020లో తేటతెల్లమైంది. మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకోవచ్చని రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. చాలామంది హమ్మయ్య అనుకున్నారు. వాయిదా ఆగింది గాని వడ్డీ ఆగలేదు. 30 లక్షల అప్పు, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ, నెలకు సుమారు 26,000 ఈఎంఐ అనుకోండి. అప్పు కొత్తదై, ఆరు నెలలూ కట్టకుండా ఉండి, ఆ తర్వాత పాత ఈఎంఐనే కొనసాగిస్తే, చివర్లో ఎదురయ్యే అదనపు వాయిదాలు దాదాపు ముప్పై! ఉద్యోగం పోయినవాడికి ఆ వెసులుబాటు ప్రాణం నిలిపింది, కాదనను. జీతం వస్తూనే ఉన్నా ఆపుకున్నవాళ్లను మాత్రం ఎరుగుదును.

నిజానికి వడ్డీ లెక్క మనకు నేర్పనక్కర్లేదు. నూటికి నెలకు రూపాయి అంటే ధర్మవడ్డీకి దగ్గర, రెండు రూపాయలంటే ఆలోచించాలి, మూడు దాటితే ఆ గుమ్మం తొక్కకూడదని బడి మొహం చూడని ఆడవాళ్లు కూడా చెప్పేవాళ్లు. అదే మూడున్నర రూపాయల వడ్డీ ఇప్పుడు చాలా క్రెడిట్ కార్డుల్లో ఉంది. స్టేట్‌మెంట్లో ‘మినిమం డ్యూ’ అన్న మాట లావుగా అచ్చేస్తారు, వడ్డీ రేటు చిన్నక్షరాల్లో పడి ఉంటుంది. లక్ష బాకీ మీద అయిదు శాతం చొప్పున 5,000 కట్టారనుకోండి. 3,500 వడ్డీకి, దాని మీద జీఎస్టీ 630కి పోతే అసలులో తగ్గేది 870. గుమ్మం తొక్కకుండానే, ఫోన్లోంచే, సోఫాలో కూర్చునే కట్టేస్తాం కాబట్టి ఇది వడ్డీవ్యాపారి ఇల్లని తోచదు.

అలాగని తప్పంతా సంసారి నెత్తిన రుద్దడం నాకు నచ్చదు. 2001లో హైదరాబాదులో కృషి బ్యాంకు మూతపడినప్పుడు నష్టపోయినవాళ్లు దుబారా మనుషులు కారు, దాచుకున్నవాళ్లే. అప్పట్లో డిపాజిట్ బీమా లక్ష వరకే, 2020 ఫిబ్రవరిలో గాని అది అయిదు లక్షలు కాలేదు. 2016 నవంబరు 8 రాత్రి నోట్ల రద్దు ప్రకటించాక పోపులపెట్టెల్లోంచి, బియ్యం డబ్బాల అడుగునుంచి మగవాళ్లకు తెలియని 500 నోట్లు ఎన్ని బయటపడ్డాయో! ఇంటికి కష్టం వస్తే ఆదుకోవాలని ఏళ్ల తరబడి కూడబెట్టిన ఆ సొమ్ము, దాచినావిడ దొంగలా తలవంచుకుని భర్త చేతిలో పెట్టాల్సి వచ్చింది. పొదుపు చేయండని చెప్పేవాళ్లకు ఆ రాత్రి ఎందుకో గుర్తురాదు.

మా పై అంతస్తులో ఒక కుర్రాడున్నాడు, సాఫ్ట్‌వేరు. ఉద్యోగం పోయి మూడు నెలలైనా రోజూ తొమ్మిదింటికి లాప్‌టాప్ బ్యాగుతో దిగుతూనే ఉన్నాడు. ఒకరోజు లిఫ్టులో నాతో అన్నాడు, ‘అంకుల్, కార్డు మీద రెండు లక్షలైంది.’ తెనాలి దగ్గర వాళ్ల ఊరికి నా ఎదుటే ఫోను చేయించాను. వాళ్ల నాన్న తిడతాడనుకున్నా. ఆయన అడిగినవి రెండే ముక్కలు.

‘నూటికెంత పడతందిరా?’

వీడు ఆ లెక్క అప్పుడే మొదటిసారి వేసుకున్నాడు. ‘మూడున్నర, నాన్నా.’

అవతల కాసేపు చప్పుడు లేదు. ‘అమ్మాయికి చెప్పావా?’

భార్యకు ఇంకా చెప్పలేదట. ఆ సాయంత్రం చెప్పాడు. మా వంటింటి దాకా వినిపించింది. నాలుగు రోజుల తర్వాత ఆ అమ్మాయే వచ్చి, ‘ఆంటీ, అంకుల్‌ని కాస్త బ్యాంకు దాకా తోడు పంపిస్తారా?’ అని అడిగింది. బంగారం మీద అప్పయితే ఏడాదికి తొమ్మిదో పదో శాతం, అంటే రూపాయి వడ్డీ కన్నా తక్కువే. దాంతో కార్డు బాకీ మొత్తం ఒక్కసారి తీర్చెయ్యాలని ఆ పిల్ల ఆలోచన.

కౌంటరు పక్క గదిలో అప్రైజరు గొలుసును గీటురాయి మీద రుద్ది, గీత మీద యాసిడ్ చుక్క వేసి రంగు చూశాడు. గాజులకున్న రాళ్ల బరువు అంచనా కట్టి తూకంలోంచి తీసేశాడు. ‘రాళ్లకు విలువ రాదమ్మా’ అన్నాడు, రోజూ వందమందికి చెప్పే గొంతుతో. ‘తెలుసు’ అంది. నల్లపూసలు కూడా ట్రేలో పెట్టబోతే అతనే వెనక్కి జరిపాడు, ఇవి లేకుండానే సరిపోతుందని. కాగితం నింపుతున్న గుమాస్తా తలెత్తకుండా అడిగాడు, ‘ఆరు నెలలా, ఏడాదా?’

కుర్రాడు ‘ఆరు’ అన్నాడు. వచ్చే నెల ఒక ఇంటర్వ్యూ ఉందట.

‘ఏడాదే రాయండి’ అంది ఆ అమ్మాయి. ‘ముందే కట్టేస్తే ఏమీ వేయరు కదా?’ అని అడిగి, వెయ్యరని చెప్పాక, ఎక్కడ రాసుందో చూపించమంది.