కారు కింద నేల

హైదరాబాద్ అంబర్‌పేట్‌లో చాలా పాత ఇళ్లకు గ్యారేజీ ఉండదు. గేటు దాటగానే వచ్చే వాకిలే కారు షెడ్డు. అక్కడ ఇదివరకు తాండూరు బండలో షాబాద్ బండలో ఉండేవి. ఇప్పుడు వాటిని పీకించి ఇంటర్‌లాకింగ్ టైల్స్ వేయిస్తున్నారు. ఆ ఎరుపు పసుపు రంగులు నాకు పెట్రోల్ బంకును గుర్తుచేస్తాయి గానీ, వేసే పద్ధతి మాత్రం నచ్చుతుంది.

అతికించడానికి సిమెంటు అక్కర్లేదు. దిమ్మిస కొట్టిన కంకర, దానిమీద అంగుళం, అంగుళమున్నర ఇసుక, ఆపైన 60 మిల్లీమీటర్ల మందం బిళ్ల. సందుల్లోకి సన్న ఇసుక ఊడ్చి, వైబ్రేటర్ తిప్పితే ఒకదాన్నొకటి బిగబట్టుకుంటాయి. చుట్టూ అంచు కట్టకపోతే చక్రాల బరువుకు పక్కకు జరుగుతాయి. ఖర్చు తగ్గించమంటే మొదట ఎగిరిపోయేదీ ఆ అంచే!

ఇది మూసీ పక్కనున్న పేట. 2020 అక్టోబరు వానలు చూసినవాళ్లకు సందుల్లోంచి నీళ్లు ఇంకుతాయన్న మాట ఊరటనిస్తుంది. ఇంకేది కొంచెమే, పాత గచ్చు మీదే పరిచేస్తే అదీ ఉండదు. గేటు వైపు వాలు ఇవ్వాల్సిందే. అయితే కింద పైపు పగిలితే నాలుగు బిళ్లలు లేపి, బాగుచేసి, మళ్లీ అవే పేర్చుకోవచ్చు. గచ్చు పగలగొట్టే రభస ఉండదు.