ఇస్సాకు తిరిగి తవ్వించిన బావులు



మన సంఘంలోని ఒక కుటుంబానికి గవర్నర్‌పేటలో పాత ఇల్లు ఉంది. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయిన రోజుల్లో వాళ్ల నాన్నగారు కట్టించారు. టేకు దూలాల మీద మద్రాసు టెర్రస్ కప్పు, మొజాయిక్ గచ్చు, వరండాకు సిమెంటు జాలీలు. మరమ్మతులకు ముందు ప్రార్థన చేయమని పిలిస్తే వెళ్లాను. వెళ్లేసరికి అన్నదమ్ముల వాదన నడుస్తోంది. పడగొట్టి అపార్ట్‌మెంటుకు ఇచ్చేద్దామని పెద్దాయన. నాన్న పెట్టిన మేకు కూడా కదపకూడదని చిన్నాయన. అమ్మగారు మాత్రం వెనక గదిలో, చెమ్మ పట్టిన గోడ పక్కన మంచం మీద దగ్గుతున్నారు.

తాపీమేస్త్రి గోడ గీకి చూపించాడు. లోపల సున్నపు కట్టుబడి. మధ్యలో ఎప్పుడో పైన సిమెంటు పూయించారు. సున్నపు గోడ తాను పీల్చిన తడిని బయటకు వదిలేస్తుంది. సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. అందుకే పెచ్చులు ఊడుతున్నాయట. “ఇది తీసేసి మళ్లీ సున్నమే కొట్టాలండీ” అన్నాడు. దూలాల్లో ఒక్కదానికే, గోడలోకి వెళ్లే కొస పుచ్చింది. అది మారిస్తే చాలు.

అక్కడే ఆదికాండము 26 తీశాను. అబ్రాహాము చనిపోయాక ఫిలిష్తీయులు ఆయన బావులను మన్నుతో పూడ్చేశారు. ఇస్సాకు వాటిని తిరిగి తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు. తీయించింది ఏమిటి? తండ్రి వేయని మన్ను. ఈ గోడ మీద సిమెంటు అలాంటిదే అనిపించింది నాకు.

అయితే అదే అధ్యాయంలో ఇస్సాకు దాసులు లోయలో కొత్త బావులు కూడా తవ్వారు. ఈ మాట చిన్నాయనకు రుచించలేదు. అమ్మగారి స్నానాలగది గడప ఎత్తు. రెండుసార్లు తట్టుకుని పడ్డారు. అది నాన్న చేయించిన టేకు గడప అంటాడు. “తండ్రిని సన్మానించమన్న ఆజ్ఞలో తల్లి కూడా ఉంది బాబూ” అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గడప తీసి, గోడకు పట్టుకునే కమ్మీ పెట్టడానికి చివరికి ఒప్పుకున్నాడు. పెద్దాయన అపార్ట్‌మెంటు మాట పూర్తిగా వదల్లేదు గానీ, అమ్మ ఉన్నంతకాలం ఎత్తనన్నాడు.

అమ్మగారు అడిగింది ఒక్కటే: ఏసీ కోసం వరండా జాలీలు మూయవద్దని. బెజవాడ ఎండలకు ఆ జాలీల గాలే ఆమెకు ప్రాణం. మూయటం లేదు. ఏసీ పెద్దాయన గదికే.

వానలు రాకముందే కప్పు పని ముగిసేలా ప్రార్థించండి.