తెల్లపొణికి చెప్పిన పాఠం

మూడు దశాబ్దాలు యంత్రభాగాల డ్రాయింగుల నడుమ గడిపిన మేము, విజయవాడ చెంతనున్న కొండపల్లిలో బొమ్మలు చెక్కే విద్యకు ఓనమాలు దిద్దుకున్నాము. గురువుగారు మా చేతికి ముందుగా ఉలిని ఇవ్వలేదు. తెల్లపొణికి కర్రముక్కను ఇచ్చి, "అయ్యగారూ, ముందు దీని బరువు తెలుసుకోండి" అన్నారు. మెత్తనిది, మిక్కిలి తేలికైనది ఆ కర్ర. సన్నని సెగపై తేమను పోగొట్టిన పిమ్మటనే ఉలికి లొంగుతుంది.

అంబారీ ఏనుగు ఒకే దుంగ నుండి పుట్టదు. అవయవాలను వేర్వేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. కర్ర నుండి రాలిన పొట్టే తిరిగి బొమ్మలో చేరుతుంది! ఏ కర్మాగారమైనా మెచ్చవలసిన పొదుపు ఇది. పిదప సున్నపు పూత, ఆపై మేకవెంట్రుకల కుంచెతో రంగులు. కొలబద్ద ఊసే లేదు. గురువుగారి బొటనవ్రేలే కొలమానము.

అయితే పరిసరాల కొండలపై పొణికి చెట్లు తరిగిపోతున్నాయి. "చేయి తిరగడానికి ఏళ్ళు పట్టినట్లే, చెట్టు ఎదగడానికీ పడుతుంది" అన్నారాయన. చెట్టు లేనినాడు, తిరిగిన చేయి ఉండియు ఫలమేమి?

పిల్లలతో కొండపల్లి వెళ్ళే మిత్రులు బొమ్మను కొనడంతో సరిపెట్టక, పొణికి చెట్టును కూడా వారికి చూపవలసినదిగా మా మనవి.