సన్నటి గొంతులు

పెద్ద మోత ముందుగా కాజేసేది సన్నటి గొంతుల్నే. ఈ సంగతి మాకు నాన్న వల్ల తెలిసింది. ఆయన ముప్పై ఏళ్లు రైసుమిల్లులో పనిచేశారు. రిటైరయ్యాక లారీ హారన్ వినబడేది గానీ, మనవరాలు ‘తాతయ్యా’ అంటే వినబడేది కాదు. లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు మరి!

మిల్లు మోతయినా, సినిమా పాటల లైవ్ షో అయినా చెవికి ఒకటే. 85 డెసిబెల్స్‌ను 8 గంటలు ఓర్చుకునే చెవికి 100 దగ్గర పావుగంటే గడువు. షో నడిచేది మూడు గంటలు!

ఇలాంటి వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదనీ, ఇయర్ ప్లగ్గులు అందుబాటులో ఉంచాలనీ, చెవులకు విశ్రాంతినిచ్చే చోటుండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఆ ఏర్పాట్లు లేనిచోట మన జాగ్రత్త మనదే. నేను స్పీకర్లకు దూరంగా కూర్చుంటాను. మధ్యలో కాసేపు బయటికొస్తాను. దూది చాలదు కనుక ప్లగ్గులు పెట్టుకుంటాను. షో అయ్యాక చెవుల్లో గుయ్యిమంటే అది హెచ్చరికే. మర్నాటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

‘చెవులు మూసుకోడానికి అంత పెట్టి టికెట్ కొనాలా బాబాయ్?’ అని నవ్వాడు మా అన్నయ్య కొడుకు.

‘రేపు నీ కూతురు పిలిస్తే వినబడాలి కదరా!’ అన్నాను.

మాట్లాడకుండా చెయ్యి చాచాడు. రెండో జత వాడికిచ్చాను.