నేల ధర పెరిగితే బడికేం దక్కింది?

బెంగళూరుకు ఉత్తరాన సైట్లు కొనమంటూ విదేశాల్లోని తెలుగువాళ్ళకు వచ్చే ప్రకటనలన్నింటిలోనూ ఒకటే వరస. విమానాశ్రయం దగ్గర, నందికొండ కనిపిస్తుంది, జాతీయ రహదారి పక్కనే, ఇంటర్నేషనల్ స్కూలుకు పది నిమిషాలు. ఆ లేఔట్ ఏ ఊరి పొలంలో వేశారో ఆ ఊళ్ళో సర్కారు బడి ఒకటి ఉంటుంది. దాని ఊసు మాత్రం ఏ ప్రకటనలోనూ ఉండదు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి చుట్టూ నేల ధర ఇంతగా పెరిగింది కదా, అందులో అక్కడి బడికి ఏం దక్కిందని అమ్మేవాళ్ళు చెప్పరు, కొనేవాళ్ళు అడగరు. కొనేవాళ్ళలో మన ప్రవాసులే చాలామంది ఉన్నారు కాబట్టి ఈ మాట ముందు మనవాళ్ళతోనే అనాలి.

ఎందుకంటే ఇదే మనవాళ్ళు అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు మొట్టమొదట చూసేది బడినే. ఫ్రిస్కో కానివ్వండి, నేపర్‌విల్, ఎడిసన్, కూపర్టినో కానివ్వండి, ఇల్లు ఏ స్కూలు హద్దులోకి వస్తుందో, ఆ స్కూలు రేటింగ్ పదికి ఎంతో తేల్చుకున్నాకే వంటిల్లు ఎటు ఉందో చూస్తారు. ఇది మన ఒక్కరి వెర్రి కాదు. సాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త బోస్టన్ శివార్లలో స్కూలు హద్దుగీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్ళను పోల్చి 1999లో ఒక పరిశోధన ప్రచురించారు. పేట అదే, వీధులు అవే, మారేది పిల్లలు వెళ్ళే బడి మాత్రమే. పరీక్ష మార్కులు 5 శాతం మెరుగైతే ఇంటికి రెండు, రెండున్నర శాతం ఎక్కువ ఇవ్వడానికి జనం సిద్ధపడుతున్నారని తేలింది. అక్కడ ఇంటి పన్నులో పెద్ద వాటా బడికే వెళ్తుంది. బడి చెడితే ఇంటి ధర పడుతుంది కాబట్టి, పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయిన ముసలి దంపతులు కూడా బడి బాగోగులు పట్టించుకుంటారు. విలియం ఫిషెల్ 2001లో ఈ ధోరణి మీద ఒక పుస్తకమే రాశారు.

ఈ పద్ధతిలో అన్యాయం లేదని నేను అనను. ఖరీదైన ఇళ్ళున్న చోట ధనిక బడి, చవక ఇళ్ళున్న చోట పేద బడి తయారవుతాయి. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో పేద తల్లిదండ్రులు ఇది రాజ్యాంగ విరుద్ధమని సుప్రీం కోర్టు దాకా వెళ్ళి, 1973లో 5–4 తేడాతో ఓడిపోయారు. ఆ అసమానతను మన ఊళ్ళకు తెచ్చుకోమని ఎవరు చెప్పినా వినకూడదు. కానీ ఊరి ఆస్తి పెరిగితే ఊరి బడికి అందులో హక్కు ఉంటుందన్న సూత్రం మంచిది. దాన్ని వదులుకోనక్కరలేదు.

మన దగ్గర ఆ సూత్రమే లేదు. 2007లో కోలారు నుంచి విడదీసి చిక్కబళ్ళాపురం జిల్లా చేశారు. 2008లో దేవనహళ్ళి విమానాశ్రయం తెరిచారు. అప్పటినుంచి బాగేపల్లి మీదుగా హైదరాబాదుకు పోయే దారి వెంటా, మదనపల్లె వైపు చింతామణి దారి వెంటా ఎకరాల లెక్క పోయి చదరపు అడుగుల లెక్క వచ్చింది. ద్రాక్ష తోటలు, మల్బరీ మళ్ళు సైట్లయ్యాయి. పంతులుగారి జీతం బెంగళూరు ఖజానా నుంచి వస్తుంది. ఇంటి పన్ను పురసభకో గ్రామ పంచాయతీకో పోతుంది. రిజిస్ట్రేషన్ నాడు కట్టే స్టాంపు డ్యూటీ రాష్ట్రానికి పోతుంది. నేల ధర పదింతలైనా బడి గోడకు సున్నం పడాలన్న నియమం ఎక్కడా లేదు. బడి బాగుపడితే నేల ధర కదులుతుందా అంటే అదీ లేదు. 2020 ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి. (పదో తరగతి) ఫలితాల్లో కర్ణాటక మొత్తానికి మొదటి స్థానం ఈ చిక్కబళ్ళాపురం జిల్లాదే. అమెరికాలో ఏ కౌంటీకైనా ఆ పేరొస్తే ఇళ్ళ ధరలు మర్నాటినుంచే మాట్లాడతాయి. మన సైట్ల ప్రకటనల్లో నందికొండ ఉంది, విమానాశ్రయం ఉంది, ఆ మొదటి స్థానం లేదు.

ఒక ఏడాది పాసైన శాతంతో బడి నాణ్యత తేలదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. పైగా బాగేపల్లి పిల్లవాడు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడంలో అక్షరాలు దిద్ది, ఉద్యోగం కోసం ఇంగ్లీషు నేర్వాలి. ఆ మూడు భాషల కష్టాన్ని లెక్కగట్టే రేటింగ్ నాకు తెలిసి ఏ దేశంలోనూ లేదు. అయినా ఈ నేల తక్కువది కాదు. ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య చదువు మొదలుపెట్టింది చిక్కబళ్ళాపురం బడిలోనే. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్య పై చదువుకు బెంగళూరుకు నడిచివెళ్ళారు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేశాక తిరిగొచ్చి, బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయ్యారు. గౌరిబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ కాలేజీలు పెట్టించిందీ ఆయనే. అప్పుడు ఆ నేలకు ఇప్పటి ధర లేదు. కాలేజీ పెడితే సైటు రేటు పెరుగుతుందని ఆయన పెట్టలేదు.

ప్రైవేటు బడులు ఉన్నాయి కదా, సర్కారు బడి గొడవ మనకెందుకు అన్నది రెండో వాదన. ఫీజు కట్టగలిగినవాళ్ళకు అది జవాబే. కట్టలేనివాళ్ళకు విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో నాలుగో వంతు సీట్లు ఇచ్చింది. కానీ దగ్గర్లో సర్కారు బడో ఎయిడెడ్ బడో ఉంటే ప్రైవేటు బడి ఆ సీట్లు ఇవ్వనక్కరలేదని 2019 నుంచి కర్ణాటక నిబంధన మార్చింది. ఉన్న బడికే వెళ్ళమని పేద పిల్లవాడికి చెప్పినప్పుడు ఆ బడిని బాగుంచే బాధ్యత కూడా తలకెత్తుకోవాలి. ఆ బడి దెబ్బతినడంలో మన వంతూ ఉంది. పొలం అమ్ముకున్న కుటుంబం ఊరు వదిలిపోతుంది. సైటు కొన్న ప్రవాసి కంచె వేసి ధర పెరిగేదాకా ఖాళీగా ఉంచుతాడు. పాత పిల్లలు పోయి కొత్త పిల్లలు రాకపోతే బడిలో పిల్లల సంఖ్య తగ్గుతుంది. సంఖ్య తగ్గిన బడికి పంతుళ్ళూ తగ్గుతారు. మన పెట్టుబడి ఆ బడికి ఇవ్వకపోవడమే కాదు, దాని పిల్లలనే పలచబరుస్తోంది.

దారి కష్టమైనది కాదు. కర్ణాటకలో ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ఎప్పటినుంచో వసూలు చేస్తున్నారు. అలాగే ఒక తాలూకాలో వచ్చిన స్టాంపు డ్యూటీలో నిర్ణీత వాటా ఆ తాలూకా సర్కారు బడులన్నిటికీ పిల్లల సంఖ్యను బట్టి పంచాలి. తాలూకా మొత్తానికి పంచితే లేఔట్లున్న ఊరు ఒక్కటే బాగుపడి, రాళ్ళనేల ఊరు వెనకబడే అమెరికా తప్పు ఇక్కడ జరగదు. ప్రభుత్వం ఆ పని చేసేదాకా కొనేవాళ్ళం ఊరుకోనక్కరలేదు. చిక్కబళ్ళాపురం వైపు సైటు చూస్తున్న ప్రతి ప్రవాసీ బయానా ఇచ్చే ముందు ఆ ఊరి బడిలో పిల్లలెందరు, పంతుళ్ళెందరు అని అడగండి. జవాబు చెప్పలేనివాళ్ళ దగ్గర కొనకండి.