రోళ్లు పగిలే ఎండలో జావా ఐసు

విశాఖలో మధ్యాహ్నం వందే భారత్ ఎక్కితే రాత్రి రాయపూర్‌లో దిగిపోవచ్చు. ఈ బండి 2024 సెప్టెంబరులో వచ్చింది కానీ దారి పాతదే. మధ్య పరగణాల మాంగనీసును విశాఖ రేవుకు చేర్చడానికి బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన లైను ఇది, 1931కి పూర్తయింది. ఈ పట్టాల వెంటే మన విజయనగరం, శ్రీకాకుళం జనం రైల్వే కొలువులకు వెళ్లి అక్కడే ఉండిపోయారు. రాయపూర్ డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది.

మే నెలాఖరులో ఎవరైనా ఛత్తీస్‌గఢ్ వెళ్తారా అని ఇంట్లో అందరూ తిట్టినవాళ్లే. రాయగడ దాకా కొండలూ పచ్చదనమూ కనిపిస్తాయి. కేసింగ దాటాక వచ్చే టిట్లాగఢ్‌లో 2003లో యాభై డిగ్రీలు దాటిందని ఒడిశాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏసీ పెట్టెలో కూర్చున్నా, అద్దానికి చెయ్యి ఆనిస్తే ఆ మాట నమ్మాలనిపించింది. మే 25 నుంచి తొమ్మిది రోజుల్ని రాయపూర్‌లో నౌతపా అంటారు. సూర్యుడు రోహిణిలో అడుగుపెట్టే రోజులవి, అంటే మన రోహిణి కార్తె మొదలు. ఎండ లెక్కలో మనకీ వాళ్లకీ పంచాంగం ఒకటే.

మా పెద్దమ్మ కూతురు ఉండేది రాయపూర్‌లోనే. బావ ఉద్యోగం వల్ల వాళ్లు కొన్నేళ్లు జావా దీవిలోని సురబయలో కాపురం ఉండి వచ్చారు. అక్కడినుంచి అక్క పట్టుచీరలేమీ తేలేదు గానీ, ఎండాకాలం వచ్చిందంటే ఫ్రీజర్ నిండా జావా ఐసులు చేసి పెడుతుంది. వాటికోసమే నా ప్రయాణం. ఫోనులో ముందే చెప్పింది: "వస్తే ఉద్దానం కొబ్బరికాయలు, తాటిబెల్లం పట్రా. మిగతావి ఇక్కడ చూసుకుందాం."

మర్నాడు ఎండ ముదరకముందే శాస్త్రి బజార్‌కి వెళ్లాం. మహానది ఇసుకలో పండిన పుచ్చకాయలు, పచ్చిమామిడి, పనస, అనాస అన్నీ కుప్పలుగా ఉన్నాయి. ఒక మూల ఒకామె ఆకుల మీద తునికి పండ్లు పోసుకుని కూర్చుంది. బీడీ ఆకుకి పేరు పడ్డ చెట్టు కాబట్టి పండును ఎవరూ పట్టించుకోరు. పెళుసు తొక్క వేళ్లతో నొక్కితే పగులుతుంది. లోపల గింజల చుట్టూ పసుపు గుజ్జు, కాస్త సపోటా తీపి, కాస్త వగరు. "అవొకాడో బదులు ఇదే" అని అక్క రెండు ఆకుల పండ్లు కొంది.

అవొకాడో గొడవేమిటంటే, ఇండోనేషియాలో ఎస్ టెలర్ అని ఒకటుంది. అవొకాడో, పనస తొనలు, లేత కొబ్బరి, కొబ్బరిపాలు, ఐసు కలిపిస్తారు. 1982లో జకార్తాలో ఎస్ టెలర్ 77 అనే దుకాణం ఒకటి మొదలై, శాఖలు వేసి, దాన్ని దేశమంతా తినిపించింది. అక్క దాన్నే కొద్దిగా మార్చి పుల్ల ఐసుగా గడ్డకట్టిస్తుంది. రాయపూర్‌లో అవొకాడో దొరకదని కాదు, దాని ధర వింటే మాత్రం చెమట పడుతుంది.

ఆ మధ్యాహ్నమంతా వంటింట్లోనే. నాకు కొబ్బరి కోరే పని పడింది. మొదటిపాలు చిక్కగా తీసి విడిగా పెట్టాం. కోరులో గోరువెచ్చటి నీళ్లు పోసి తీసిన పల్చటి పాలు పొయ్యెక్కాయి. జావాలో అయితే ఇందులో పండన్ ఆకును ముడివేసి పడేస్తారు, మన మొగలి కుటుంబపు మొక్కే అది. ఆకు దొరకనివాళ్లు కొనే ఆకుపచ్చ ఎసెన్సు నాకు సబ్బు వాసనే అనిపిస్తుంది. అక్క చేసిన పని వేరు. గుప్పెడు దూబరాజ్ బియ్యం పల్చటి గుడ్డలో మూటగట్టి ఆ పాలల్లో ఉడకనిచ్చింది. పది నిమిషాల్లో వంటిల్లంతా ఘుమఘుమ.

ఇందులో మాయేమీ లేదు. పండన్ ఆకుకీ, బాస్మతీ దూబరాజ్ లాంటి సువాసన బియ్యాలకీ ఆ వాసన ఇచ్చేది ప్రధానంగా ఒకే రసాయనం, 2-ఎసిటైల్-1-పైరొలీన్. ధమ్తరి జిల్లా నగరీ దూబరాజ్‌కి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇలాంటి నాటు వరి రకాలను 1970లలో ఊరూరా తిరిగి వేలల్లో సేకరించినవాడు డాక్టర్ ఆర్. హెచ్. రిచారియా. రాయపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఇప్పుడు ఇరవై వేలకు పైగా రకాలు భద్రంగా ఉన్నాయంటే దానికి పునాది ఆయన సేకరణే. మూటలోంచి జారిన గంజి మరో మేలు చేసింది. నీటిని పట్టి ఉంచి, ఐసు పలుకులు పెద్దవి కాకుండా ఆపింది. ఇండోనేషియాలో ఇందుకే పెసర పిండో, మొక్కజొన్న పిండో కలుపుతారు.

ఆ పాలు చల్లారాక మొదటిపాలు కలిపాం. పొయ్యి మీద ఉండగా పోసి మరగనిస్తే విరిగిపోతాయి. పంచదార నాలుక్కి కొంచెం ఎక్కువ అనిపించేంత వెయ్యాలి, చలికి తీపి తగ్గినట్టు తెలుస్తుంది కాబట్టి. మరీ ఎక్కువైతే గడ్డకట్టనే కట్టదు. చిటికెడు ఉప్పు సరేసరి. సగంలో మెత్తగా ఉడికించిన పెసలు కలిపి, మన పిల్లలు పెప్సీ ఐసు అనే ప్లాస్టిక్ గొట్టాల్లో పోసి ముళ్లు వేశాం. జావాలో దీన్ని ఎస్ లిలిన్ అంటారు. మిగతా సగంలో పనస ముక్కలు, తునికి గుజ్జు కలిపి పుల్లలు గుచ్చాం.

చివరిది రుజాక్. జావా వీధుల్లో పుల్లటి పండ్ల ముక్కల మీద తాటిబెల్లం, చింతపండు, మిరపకాయ నూరిన ముద్ద వేసి ఇస్తారు. యోగ్యకర్తలో దానిమీద కొబ్బరి ఐస్‌క్రీం కూడా పెడతారట. అసలు పద్ధతిలో ఎండబెట్టిన రొయ్యల ముద్ద కూడా పడాలి. "మన ఎండురొయ్యలు కాస్త వేయించి పొడి చేద్దామా?" అన్నాను. బావ మొహం చూసి అక్క ఆ మాట అక్కడితో ఆపించింది. నూట యాభై గ్రాముల తాటిబెల్లం అరలీటరు నీళ్లలో కరిగించి, వడకట్టి, నిమ్మకాయంత చింతపండు రసం, దంచిన రెండు పండుమిరప కాయలు, అరచెంచా ఉప్పు వేశాం. అందులో పచ్చిమామిడి తురుము, అనాస, దోసకాయ సన్నటి ముక్కలు. రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాం.

మరుసటి మధ్యాహ్నం రెండింటికి, బయట రోడ్డు మీద కుక్క కూడా కనపడని వేళ, అన్నీ తీశాం. పెసల ఐసు పిల్లలకి, పళ్లు లేని పెద్దలకి. పనస, తునికి కలిసింది బాగుంది గానీ పాలు, గుజ్జు ఎక్కువై కడుపు బరువెక్కిస్తుంది, ఒకటి తింటే చాలు. రుజాక్ మాటే వేరు. ముందు బెల్లం, వెంటనే పులుపు, ఐసు కరిగిపోయాక గొంతులో మెల్లగా మిరప ఘాటు. చెమట పట్టి, ఆ చెమట ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. ఆ ఎండకి అదే సరైన మందని నా తీర్పు. ఉగాది పచ్చడి తినే నాలుకకి దీన్ని పరిచయం చేయనక్కర్లేదు.

ఇళ్లల్లో చేసుకునేవాళ్లకి ఒక్క మాట: నీళ్లు కాచి చల్లార్చినవే వాడండి, గడ్డకట్టినంత మాత్రాన నీటిలోని క్రిములు చావవు. పచ్చిమామిడి ఉన్నన్నాళ్లే రుజాక్. జూన్ మధ్యకి రాయపూర్‌లో వానలు పడతాయి, మనకి ఇంకా ముందే, కాబట్టి చేసేదేదో ఈలోపే చేసుకోండి.